దాత కిడ్నీతో పాటు క్యాన్సర్ కూడా వస్తుందా? భావనపాడులో అడిగిన ప్రశ్న

ఈ ఎపిసోడ్ భావనపాడు నుంచి చేస్తున్నాను. వెనకాల బోట్ల సౌండు, గాలి సౌండు రెండూ వస్తాయి, కొంచెం సర్దుకోండి.

మన సైడు వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక రీల్ తెగ తిరుగుతోంది, మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. "ఒకే దాత, నలుగురికి క్యాన్సర్" అని పెద్ద ఎర్ర అక్షరాలు, భయపెట్టే మ్యూజిక్, చివర్లో "అవయవం తీసుకునే ముందు ఆలోచించండి" అని ఒక వాయిస్. అంతే. ఏ దేశంలో జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎంతమందిలో ఒకరికి జరుగుతుంది, ఇవేవీ లేవు.

మామూలుగా అయితే స్క్రోల్ చేసేసేవాణ్ని. కానీ ఈ రీల్ వల్ల ఇక్కడ ఒక ఇంట్లో పని ఆగిపోయింది. నాకు వరసకి పిన్ని అవుతుంది, పేరు చెప్పను. కొడుకు వయసు ముప్పై కూడా లేదు, వారానికి మూడుసార్లు డయాలసిస్. పిన్ని బ్లడ్ గ్రూప్ కలిసింది, కిడ్నీ ఇస్తానని తనే ముందుకొచ్చింది, టెస్టులు మొదలయ్యాయి. ఈలోపు ఎవరో రీల్ చూపించారు. ఇప్పుడు పిన్ని ఏమంటోందంటే, "నేను చిన్నప్పటి నుంచి చుట్ట కాల్చినదాన్ని బాబూ, నాలో ఏటుందో ఎవుడికి తెలుసు? కిడ్నీతో పాటు గుంటడికి కేన్సర్ కూడా అంటించేస్తే?"

ఆ ప్రశ్నని నవ్వి తీసేయడానికి లేదు. అది చాలా మంచి ప్రశ్న. అందుకే ఈ ఎపిసోడ్.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చేసి కొన్నాళ్లు కోడ్ రాసినవాణ్ని. పబ్లిష్ అయిన రిపోర్టులు చదివి మీకు అర్థమయ్యేలా చెప్పడం వరకే నా పని. మీ ఇంట్లో నిర్ణయం మీ నెఫ్రాలజిస్ట్‌తో కూర్చుని తీసుకోవాల్సిందే.

సరే. ఆ రీల్‌లో చెప్పింది అబద్ధమా? కాదు. నిజంగానే జరిగింది. 2007లో యూరప్‌లో 53 ఏళ్ల ఒకామె మెదడులో రక్తస్రావం వల్ల చనిపోయింది. అవయవాలు దానం చేశారు. తీసే ముందు పరీక్షలన్నీ చేశారు. ఒళ్లంతా చూశారు, ఛాతీ ఎక్స్‌రే తీశారు, కడుపు అల్ట్రాసౌండ్ చేశారు, ఊపిరితిత్తుల్లోకి కెమెరా కూడా పంపి చూశారు. క్యాన్సర్ ఆనవాలు ఎక్కడా లేదు. ఊపిరితిత్తులు, గుండె, కాలేయం, రెండు కిడ్నీలు మొత్తం ఐదుగురికి వెళ్లాయి. గుండె తీసుకున్న మనిషి కొన్ని నెలలకే ఇన్ఫెక్షన్‌తో చనిపోయారు, దానికీ క్యాన్సర్‌కీ సంబంధం లేదు. మిగతా నలుగురికీ క్యాన్సర్ వచ్చింది, నలుగురికీ అదే రొమ్ము క్యాన్సర్.

ముందు బయటపడింది ఊపిరితిత్తులు తీసుకున్న 42 ఏళ్ల ఆమెలో, ఆపరేషన్ అయిన 16 నెలలకి. డీఎన్‌ఏ పరీక్ష చేస్తే ఆ క్యాన్సర్ కణాలు ఆమెవి కావు, దాతవి అని తేలింది. ఒక ఏడాదిలో ఆమె చనిపోయింది. కాలేయం తీసుకున్నామెకి 2011లో బయటపడింది, 2014లో పోయింది. ఎడమ కిడ్నీ తీసుకున్న 62 ఏళ్ల ఆమెకి 2013లో, అంటే ఆరేళ్ల తర్వాత బయటపడింది. రెండు నెలలు కూడా ఎక్కువ బతకలేదు.

నాలుగో మనిషి కుడి కిడ్నీ తీసుకున్న 32 ఏళ్ల కుర్రాడు. రీల్ చేసినవాళ్లు ఇతని కథని వదిలేశారు. దాతకి క్యాన్సర్ ఉందని తెలియగానే డాక్టర్లు ఇతన్ని పిలిచి స్కాన్ చేశారు, అప్పటికి ఏమీ కనపడలేదు. 2011లో కిడ్నీలో క్యాన్సర్ కనపడింది. వెంటనే ఆ కిడ్నీ తీసేశారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఆపేశారు, కీమో ఇచ్చారు. క్యాన్సర్ పూర్తిగా పోయింది. ఆ ట్రాన్స్‌ప్లాంట్ జరిగిన పదేళ్ల తర్వాత కూడా అతను బాగానే ఉన్నాడని 2018లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ట్రాన్స్‌ప్లాంటేషన్‌లో వచ్చిన రిపోర్టులో రాశారు.

ముగ్గురు పోయి ఇతనొక్కడే ఎందుకు మిగిలాడు? ఇది అర్థమైతే సగం భయం పోతుంది. కొంచెం వెనక్కి వెళ్దాం.

క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, పక్కనే పడుకున్నా, రోగికి సేవ చేసినా రాదు. ఇంకొకరి క్యాన్సర్ కణం మన ఒంట్లోకి నేరుగా దూరినా, మామూలుగా మన ఒళ్లు దాన్ని పరాయిదని పట్టేసి చంపేస్తుంది. ఇది ఎలా తెలిసిందంటే, చెప్పడానికే ఇబ్బందిగా ఉండే ఒక చరిత్ర ఉంది. 1956లో అమెరికాలో చెస్టర్ సౌతమ్ అనే డాక్టర్ ఒహాయో జైల్లో ఆరోగ్యంగా ఉన్న ఖైదీల చేతుల్లోకి బతికున్న క్యాన్సర్ కణాలు ఇంజెక్ట్ చేశాడు. చిన్న గడ్డలు లేచాయి, కొన్ని వారాల్లో వాటంతట అవే కరిగిపోయాయి. ఖైదీలు ఒప్పుకున్నారు అని రాశారు, జైల్లో ఉన్నవాడి ఒప్పుకోలుకి ఎంత విలువుందో మీకే తెలుసు. తర్వాత 1963లో ఇదే మనిషి బ్రూక్లిన్‌లో ఒక ఆసుపత్రి పేషెంట్లకి, అవి క్యాన్సర్ కణాలని చెప్పకుండానే ఎక్కించాడు. అది పెద్ద గొడవైంది. చేసిన పని తప్పే. కానీ ఆ ఖైదీల ఒళ్లు చెప్పిన సంగతి మాత్రం నిజం: మన రోగనిరోధక వ్యవస్థ పరాయి కణాన్ని బతకనివ్వదు.

ఇప్పుడు ట్రాన్స్‌ప్లాంట్ చూడండి. పిన్ని కిడ్నీ కూడా కొడుకు ఒంటికి పరాయిదే. దాన్ని చంపెయ్యకుండా ఆ సెక్యూరిటీని కావాలనే తగ్గిస్తారు. టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసొలోన్, ఈ పేర్లు ట్రాన్స్‌ప్లాంట్ అయిన ప్రతి ఇంట్లో వినిపిస్తాయి. కిడ్నీ కోసం గేటు తీసి పెట్టారు కాబట్టి, దానితో పాటు దాత క్యాన్సర్ కణం ఒకటి వచ్చినా దాన్ని ఆపేవాడు ఉండడు. జరిగేది ఇదే.

దీన్నే తిరగేసి చూడండి. మందులు ఆపేస్తే సెక్యూరిటీ మళ్లీ నిద్ర లేస్తుంది. పరాయి కిడ్నీతో పాటు పరాయి క్యాన్సర్ మీద కూడా పడుతుంది. ఆ 32 ఏళ్ల అతని విషయంలో కీమోతో పాటు ఇది కూడా కలిసొచ్చింది. 1960లలోనే డాక్టర్లు దీన్ని గమనించారు: దాత కిడ్నీతో వచ్చిన ఊపిరితిత్తుల క్యాన్సర్, మందులు ఆపగానే వెనక్కి తగ్గిపోయింది. అయితే ఇది అందరికీ కుదరదు. కిడ్నీ తీసేస్తే డయాలసిస్ ఉంది, కష్టమైనా బతకొచ్చు. ఊపిరితిత్తులు, కాలేయం తీసేస్తే వెనక్కి వెళ్లడానికి ఏముంది? మన ఉద్దానం వాళ్లకి కావాల్సింది ఎక్కువగా కిడ్నీయే కాబట్టి ఈ తేడా గుర్తుపెట్టుకోండి. కిడ్నీ విషయంలో వెనక్కి రావడానికి ఒక దారి ఉంటుంది. ఎప్పుడూ పని చేస్తుందని కాదు, ఎడమ కిడ్నీ తీసుకున్న ఆమె కథ చూశాం కదా, బాగా ఆలస్యమైతే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

ఇక అసలు ప్రశ్న. ఎంతమందికి ఇలా జరుగుతుంది?

ఈ విషయంలో నాకు తెలిసిన గట్టి లెక్క బ్రిటన్‌ది. 2001 నుంచి 2010 వరకు అక్కడ 14,986 మంది దాతల నుంచి జరిగిన 30,765 ట్రాన్స్‌ప్లాంట్లు చూశారు. దాత ఒంట్లో అప్పటికే ఉన్న క్యాన్సర్ అవయవంతో పాటు వచ్చింది ఎంతమందికో తెలుసా? 15 మందికి. అంటే దాదాపు రెండు వేల మందిలో ఒకరికి. ఆ 15లో 6 కిడ్నీ క్యాన్సర్లు, 5 ఊపిరితిత్తుల క్యాన్సర్లు. ఇంకో మాట, ఆ దాతల్లో ఒక్కరికి కూడా క్యాన్సర్ ఉందని దానం నాటికి ఎవరికీ తెలీదు. తెలిసి ఎవరూ ఇవ్వలేదు, తెలిసి ఎవరూ పెట్టలేదు. ఆ స్టడీ రాసినవాళ్లు తేల్చింది కూడా అదే, పూర్తిగా ఆపలేం కానీ రిస్క్ చాలా తక్కువ అని.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మాకు ఒక మాట ఉండేది, టెస్టింగ్‌లో దొరకని బగ్గే ప్రొడక్షన్‌లో దొరుకుతుంది అని. ఇక్కడా అంతే. మరి టెస్టింగ్‌లో ఎందుకు దొరకదు?

చనిపోయిన దాత విషయంలో టైమ్ ఉండదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ ద్వారా నడిచేది ఇదే పద్ధతి. బ్రెయిన్ డెడ్ అయిన మనిషిని డాక్టర్ల బృందం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ప్రకటిస్తుంది, కుటుంబం ఒప్పుకుంటుంది, అక్కడి నుంచి గడియారం పరిగెడుతుంది. బయటికి తీసిన గుండె నాలుగు నుంచి ఆరు గంటలు ఆగుతుంది, కిడ్నీ ఒక రోజు దాకా ఆగుతుంది. ఆ కాస్త టైమ్‌లో రక్తపరీక్షలు, స్కాన్లు చేయాలి, ఏడుస్తున్న కుటుంబాన్ని కూర్చోబెట్టి పాత జబ్బులన్నీ అడగాలి. ఆపరేషన్ టేబుల్ మీద సర్జన్ కళ్లతో చూసి, చేత్తో తడిమి చూస్తాడు, అనుమానం ఉన్న చిన్న ముక్క కోసి అప్పటికప్పుడు మైక్రోస్కోప్ కింద పెట్టిస్తాడు.

అక్కడా కొన్ని తప్పించుకుంటాయి. మెదడులో రక్తస్రావం అనుకున్నది కొన్నిసార్లు వేరే చోట నుంచి మెదడుకి పాకిన క్యాన్సర్ గడ్డ పగిలినది అయ్యుంటుంది. అందుకే వయసులో ఉన్న ఆడదాత కారణం తెలియని రక్తస్రావంతో చనిపోతే, ప్రెగ్నెన్సీ టెస్టులో చూసే హార్మోన్‌నే చూస్తారు. గర్భసంచిలో పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్ ఉంటే అది పెరిగి కనపడుతుంది. విని ఆశ్చర్యపోయాను నేను, అంత మామూలు టెస్టు ఎంతమంది ప్రాణాలు కాపాడుతుందో.

ఇంకోటి, చర్మం మీద పుట్టుమచ్చలా ఉండే మెలనోమా అనే క్యాన్సర్. స్కాట్లాండ్‌లో ఒక దాతకి 16 ఏళ్ల కిందట మెలనోమా తీసేశారు, నయమైపోయిందని అందరూ అనుకున్నారు. ఆ దాత కిడ్నీలు తీసుకున్న ఇద్దరికీ మెలనోమా వచ్చింది. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన ఈ రిపోర్టు నన్ను కాసేపు ఆపేసింది. పదహారేళ్లు ఒంట్లో ఎక్కడో దాక్కుని ఉంది అది. సొంత ఒళ్లు దాన్ని అణచి ఉంచింది, కొత్త ఒంట్లో అణచేవాడు లేడు. అందుకే "ఎప్పుడో చిన్న ఆపరేషన్ అయిందిలే, అది చెప్పడం ఎందుకు" అని ఇంట్లోవాళ్లు అనుకునే ఆ విషయమే డాక్టర్‌కి కావాలి.

ఇప్పుడు పిన్ని దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఆమె కేసు వీటన్నిటికీ వేరు. ఆమె బతికున్న దాత. మన దేశంలో కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్లలో ఎక్కువ భాగం ఇలాంటివే, ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది తల్లులు, భార్యలు. బతికున్న దాతకి గంటల లెక్క లేదు. నెల పట్టినా, రెండు నెలలు పట్టినా పరీక్షలు చేయొచ్చు. సీటీ స్కాన్‌లో కిడ్నీ లోపలంతా కనపడుతుంది, చిన్న గడ్డ ఉన్నా బయటపడుతుంది. ఛాతీ చూస్తారు, ఆడవాళ్లయితే వయసుని బట్టి మామోగ్రామ్, గర్భాశయ ముఖద్వారానికి పాప్ స్మియర్ చేస్తారు. "కిడ్నీ ఇవ్వడానికి అక్కడెందుకు చూస్తారు" అని సిగ్గుపడి మానేసేవాళ్లు ఉంటారు మన ఊళ్లలో. అమ్మా, అక్కా, అది మానేయొద్దు.

మన సైడుకి ఒక ప్రత్యేకమైన విషయం ఉంది. అడ్డపొగ. బయటివాళ్లకి తెలీదు కాబట్టి చెప్తున్నా, చుట్టని తిరగేసి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరంలో పెద్దవయసు ఆడవాళ్లు చాలామంది ఇలాగే కాలుస్తారు. దీని మీద ప్రపంచంలో పేరున్న స్టడీ మన శ్రీకాకుళం జిల్లాలోనే జరిగింది. డెన్మార్క్‌కి చెందిన పిండ్‌బోర్గ్, ఇక్కడి పరిశోధకులు కలిసి 10,169 మంది పల్లెజనం నోళ్లు తెరిచి చూశారు, 1971లో అచ్చయింది. వాళ్లలో దాదాపు 44 శాతం మంది అడ్డపొగ కాల్చేవాళ్లే. అంగిలి క్యాన్సర్ కనపడింది కూడా ఆ అలవాటు ఉన్నవాళ్లలోనే.

ఇప్పుడు ఆలోచించండి. వేరే దేశాల్లో రాసిన చెక్‌లిస్టులో అంగిలి చూడమని పెద్దగా ఉండకపోవచ్చు. భావనపాడు నుంచి వెళ్లిన తల్లికి మాత్రం నోరు తెరిపించి టార్చి వేసి చూడాలి. పొగతో నోటికే కాదు, ఊపిరితిత్తులకీ కిడ్నీకీ మూత్రాశయానికీ కూడా క్యాన్సర్ రిస్క్ పెరుగుతుంది. బ్రిటన్ లెక్కలో ముందున్న రెండూ కిడ్నీ, ఊపిరితిత్తులే అని ఇందాక చెప్పాను కదా. కాబట్టి పిన్నితో నేను అన్నది ఒక్కటే, చుట్ట సంగతి డాక్టర్ దగ్గర దాచకు. "ఎప్పుడైనా ఒకటి" అని చెప్పకు. ఎన్నేళ్ల నుంచి, రోజుకి ఎన్ని, అడ్డపొగా కాదా, అన్నీ చెప్పు. చెప్తే రిజెక్ట్ చేసేస్తారని భయం. ఏమీ లేదని తేలితే ధైర్యంగా ముందుకెళ్తారు, చుట్ట మాత్రం మానిపిస్తారు. ఏదైనా ఉందని తేలితే, అది తెలియడం ముందు పిన్ని ప్రాణానికే అవసరం.

ఈ దాపరికం మాటలోనే ఇంకొకటి. 2023లో విశాఖ దగ్గర పెందుర్తిలో కిడ్నీ రాకెట్ బయటపడింది, వార్తల్లో చూశారు. జనం దాన్ని డబ్బు మోసంగా, పేదవాణ్ని దోచుకోవడంగా చూశారు, అది నిజమే. దానికి ఇంకో వైపు కూడా ఉంది. డబ్బు కోసం కిడ్నీ ఇచ్చేవాడు తన పాత జబ్బులు ఎందుకు చెప్తాడు? చెప్తే బేరం పోతుంది. బ్రోకర్ ఎందుకు అడుగుతాడు? ఆ కిడ్నీ ఎవరి ఒంట్లోంచి వచ్చిందో, ఆ మనిషి తర్వాత ఏమయ్యాడో తీసుకున్నవాడికి జన్మలో తెలీదు. యూరప్ కేసులో ఒకరికి క్యాన్సర్ బయటపడగానే మిగతావాళ్లని పిలిచి స్కాన్ చేయగలిగారంటే, ఏ అవయవం ఎవరికి వెళ్లిందో కాగితం ఉంది కాబట్టే. చట్టం తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, భార్యాభర్తలు, తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మనవలు, మనవరాళ్లని దగ్గరి బంధువులంటుంది, మిగతావాళ్లయితే కమిటీ ముందుకి వెళ్లాలంటుంది. ఆ కాగితాల కోసం తిరగడం నరకంగానే ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ ఆ కాగితమే రేపు మిమ్మల్ని ఫోన్ చేసి పిలుస్తుంది.

ఇక త్రాసులో రెండో వైపు. రీల్ ఎప్పుడూ చూపించని వైపు. ట్రాన్స్‌ప్లాంట్ వద్దనుకుంటే ఏముంది? వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషన్ పక్కన. రానూపోనూ బస్సు, తోడొచ్చే మనిషి కూలి పోవడం. కొలిచి తాగాల్సిన నీళ్లు. గుండె మీద ఏళ్ల తరబడి భారం. ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు డయాలసిస్ మీద ఉన్న ఇల్లు లేని ఊరు వెతకాలి. ఈ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. అవి ఉన్నా సరే, డయాలసిస్ మీద పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. కిడ్నీ పెట్టుకోగలిగిన మనిషి, పెట్టుకుంటేనే ఎక్కువ కాలం బతుకుతాడు, ఇందులో వైద్యులకి పెద్ద తేడా అభిప్రాయం లేదు. రెండు వేలలో ఒకటి అనే భయాన్ని దీని పక్కన పెట్టి చూడాలి.

క్యాన్సర్ గురించే భయపడాలంటే, భయపడాల్సింది వేరే చోట. దాత నుంచి వచ్చేది కాదు, మందుల వల్ల మన ఒంట్లోనే కొత్తగా పుట్టేది. 1987 నుంచి 2008 వరకు అమెరికాలో 1,75,732 ట్రాన్స్‌ప్లాంట్లు చూసిన స్టడీలో, మామూలు జనంతో పోలిస్తే వీళ్లకి క్యాన్సర్ వచ్చే అవకాశం రెట్టింపు ఉంది. లింఫోమా, ఊపిరితిత్తులు, కాలేయం, పనిచేయకుండా ఒంట్లో ఉండిపోయిన సొంత కిడ్నీ, ఇలాంటివి. అంటే తమ్ముడి విషయంలో పిన్ని కిడ్నీలో ఏముంది అన్నదాని కంటే, ఆపరేషన్ తర్వాత తమ్ముడు చుట్ట, గుట్కా ముట్టుకుంటాడా, ఏటా చెకప్‌కి వెళ్తాడా అన్నది పెద్ద ప్రశ్న. మెడలో గానీ చంకలో గానీ గడ్డ, మానని నోటి పుండు, కారణం లేకుండా బరువు తగ్గడం, కొత్త కిడ్నీ ఉన్నచోట నొప్పి, ఏది కనపడినా ఊళ్లో మెడికల్ షాపులో మాత్ర అడక్కండి, ట్రాన్స్‌ప్లాంట్ చేసిన టీమ్‌కి ఫోన్ చేయండి. అలాగే ఈ ఎపిసోడ్ విని భయపడి ఎవరూ మందులు ఆపేయకండి, దండం పెడతా. క్యాన్సర్ తేలాక డాక్టర్లు ఆపించడం వేరు, మనంతట మనం ఆపితే మంచి కిడ్నీ పాడైపోతుంది.

పిన్ని పాత ఆసుపత్రి కాగితాలు ఎక్కడున్నాయో ఇంకా వెతుకుతున్నారు. పదేళ్ల కిందట గర్భసంచి తీయించుకుంది, ఎందుకు తీశారో ఇంట్లో ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు. మన సైడు ఇది చాలా ఇళ్లలో ఉన్న సంగతే, తీసేశారు అంతే, బయాప్సీ రిపోర్టు ఏమైందో తెలీదు. మీ ఇంట్లో ఎవరైనా దాతగా వెళ్తుంటే ఆ కాగితం వెతకండి, దొరక్కపోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లి రికార్డు అడగండి, అదీ లేదంటే "లేదు, కారణం తెలీదు" అని డాక్టర్‌కి అలాగే చెప్పండి. వాళ్లు దాన్ని బట్టి ఇంకో టెస్టు రాస్తారు.

వచ్చే ఎపిసోడ్‌లో జీవన్‌దాన్ లిస్టులో పేరు ఎలా నమోదు చేయించుకోవాలో చూద్దాం. ఆ రీల్ మీకు ఎవరైనా పంపితే, దాని కింద ఈ వీడియో కూడా పంపండి. ఉంటాను మరి, గాలి ఎక్కువైపోయింది ఇక్కడ.